శెట్టి నాలుక

"కల్తీ," అన్నాడు అంగడి శెట్టి రామకోటయ్య, తేనె అంటిన చూపుడువేలు తువ్వాలుకు తుడుచుకుంటూ.

అంగడి ముందున్న నలుగురూ ఏసన్న వైపు తిరిగారు. ఏసన్న మాత్రం తను తెచ్చిన తేనె క్యాను వైపే చూస్తూ ఉండిపోయాడు. ఓర్వకల్లు గుట్టల్లో తాడు కట్టుకుని దిగి, పొగబెట్టి తేనెపట్టు కోసుకొచ్చే మనిషి అతను. ఆ తేనె ఏళ్ళ తరబడి ఈ అంగడికే వస్తోంది.

కోడుమూరులో తేనె విషయంలో రామకోటయ్య నాలుకే కోర్టు. ఎవరు ఎక్కడ కొన్నా, పసిపిల్లల మందులోకి వాడేముందు ఒక చుక్క తెచ్చి ఆయన వేలికి అంటిస్తారు. ఆయన చప్పరించి, కళ్ళు మూసుకుని, ఇది వేపపూత తేనె, ఇది చింతపూతది అని పువ్వు పేరుతో సహా చెప్తాడు. ఈసారి మాత్రం ఒక్క మాటతో తేల్చేశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య సుందరలక్ష్మి ఒక అడుగు ముందుకు వేసింది.

ఏసన్న గ్లాసుతో నీళ్ళు అడిగి తీసుకుని అందులో తేనె వంచాడు. తేనె కరగకుండా దారంలా అడుగుకు దిగింది. పత్తి వత్తి ముంచి అగ్గిపుల్ల గీశాడు. వత్తి మండింది. చూస్తున్నవాళ్ళు తలలూపబోయారు గానీ రామకోటయ్య ఊపనివ్వలేదు.

"బెల్లం పాకం ముదరగాస్తే అదీ ఇట్లనే అడుక్కు పోతాది, ఇట్లనే మండుతాది. నీళ్ళకేం తెలుసప్పా తేనె సంగతి?"

ఏసన్న దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నాడు. తర్వాత క్యాను అక్కడే వదిలేసి, తల దించుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

సుందరలక్ష్మి తలెత్తి గోడ గడియారాన్ని చూసింది. కొత్తది, మధ్యలో తేనెటీగ బొమ్మ. అంతకు కొద్దిరోజుల ముందే కడప నుంచి ఏదో కొత్త కంపెనీ మనిషి వచ్చి తగిలించి పోయాడు. అతని సీసాలో తేనె నాకి ఈయన "ఏ వంకా లేదు" అన్నాడు. ఇప్పుడు అంగడి అలమరా నిండా ఆ సీసాలే.

నిజానికి ఈమధ్య మొగుడు మెత్తబడ్డాడని ఆమె సంబరపడుతోంది. ఒకప్పుడు చారులో ఉప్పు కాస్త తగ్గితే కంచం తోసేసే మనిషి, వానాకాలంలో మంచం పట్టి లేచినప్పట్నుంచి ఏది పెడితే అది కిక్కురుమనకుండా తింటున్నాడు. జ్వరం మా ఆయనకు బుద్ధి నేర్పిందని పక్కింటి ఈరక్కతో చెప్పి నవ్వింది కూడా. ఆ మెత్తదనం వెనక ఇంత పాడుబుద్ధి ఉందని ఆమె అనుకోలేదు.

శనివారం ఏసన్న భార్య కృపమణి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. రమ్మన్నా లోపలికి రాలేదు. శెట్టి మాట ఊరంతా పాకి చర్చికీ చేరిందట. తప్పు ఒప్పుకునేదాకా ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్లకు రావద్దని, అక్కడ అందరికీ పంచే రొట్టె ముట్టొద్దని సంఘ పెద్దలు ఏసన్నకు చెప్పారట. చేయని తప్పు ఎలా ఒప్పుకోను అని అతను అన్నం మానేశాడట.

"తేనె కోసే తాడు పొయ్యిలో పెట్టినాడమ్మా," అంది కృపమణి. "నేనే ఒక తూరి అడిగినా, నిజంగా కలిపినావా అని. అది అడిగినందుకు నా మొగం చూస్తాల్లేడు. శెట్టిని ఇంకొక తూరి నాకమని చెప్పమ్మా. రేపు ఆదివారం."

ఆమె వెళ్ళాక సుందరలక్ష్మి ఏసన్న క్యాను మూత తీసి వేలు ముంచింది. మొదట తీపి, తర్వాత గొంతులో వేపపూత చిరుచేదు. కంపెనీ సీసాలోది నాకింది. ఒట్టి పాకం, వాసనే లేదు. సిగ్గుతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏసన్న తేనె చెంచాలో పోసుకుని అంగట్లోకి వచ్చింది. బేరాల్లేని వేళ, ఆయనొక్కడే ఉన్నాడు.

"ఇంకొకసారి నోట్లో వేసుకోండి," అంది.

రామకోటయ్య చెంచా వైపు చూడలేదు. రోడ్డు మీద పోతున్న ఆటోను చూస్తూ, "చెప్పింది చెప్పినట్టే, మారదు," అన్నాడు.

"వేపపూత నాకే తెలుస్తాండాది. మీకెట్ల తెల్లే?"

ఆయన ముఖం పాలిపోయింది. "నాకే పరీక్ష పెడతాండావా?" అన్నాడు.

"గడియారం కోసరం ఒక మనిషి గొంతు కోసినారు."

కాపురానికి వచ్చినప్పట్నుంచి ఆమె ఆయన్ను అంత మాట అనలేదు. ఆయన ఏదో చెప్పాలన్నట్టు పెదవులు కదిపాడు. చివరికి, "కొంచెం కాఫీ ఇయ్యి," అన్నాడు.

ఇప్పుడు కాఫీ ఒకటే తక్కువ అనుకుంటూ ఆమె లోపలికి నడిచింది. పాలు పొంగుతున్నా కనిపించనంతగా కళ్ళల్లో నీళ్ళు. తెల్లారి తనే చర్చికి పోవాలి. మా ఆయన అబద్ధం చెప్పినాడు అని సంఘ పెద్దల ముందు నిలబడి చెప్పాలి. ఆ తర్వాత ఈ అంగడి పరువు ఏమైనా కానీ. పొడి వేసి, చేతికందిన డబ్బా తెరిచి నాలుగు చెంచాలు కలిపి, రెండు గ్లాసుల్లో పోసింది.

రామకోటయ్య గ్లాసు అందుకుని తీరిగ్గా, చివరి చుక్కదాకా తాగాడు. అలిగిన పెళ్ళాన్ని మంచి చేసుకునే మాటేదో ఒకటి కావాలి కదా.

"శానా బాగుండాది," అన్నాడు. "నీ చేతి కాఫీ ఎప్పుడూ ఒకే తీరు."

సుందరలక్ష్మి తన గ్లాసు పట్టుకుని గడప మీద కూలబడి, ఒక గుక్క తాగింది.

కాఫీ నిండా ఉప్పే.