వాకిలి పైబండ

పెన్నకు వరదొచ్చి, జమ్మలమడుగుకూ ముద్దనూరికీ బస్సులు నిలిచిన ఏడు జరిగింది ఇది.

ప్రొద్దుటూరులో కంటి డాక్టరమ్మ ఆదినారాయణ కండ్లలోకి లైటు కొట్టి చూసింది. లైటు ఆర్పింది.

"పెద్దాయనా, తలకు దెబ్బలేమన్నా తగిలినాయా?"

"లేదు."

"దినానికి నాలుగైనా తగుల్తాయి" అనింది పక్కనుంచి ఆయన భార్య భారతమ్మ. "మా ఇంటి వాకిలి పొట్టిదమ్మా. పైన రాతిబండ. ఈయప్ప చూస్తే తాటిమాను. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి."

"ఎన్నాళ్ల నుంచి?"

"నేను కాపరానికొచ్చి ముప్పై ఎనిమిదేండ్లు. ముందరివి నాకు తెల్దు."

డాక్టరమ్మ ఆదినారాయణ వైపు తిరిగింది.

"దెబ్బ తగిలినప్పుడల్లా కన్ను లోపల అదురుతుంది. కంటి వెనకాల పల్చని పొర ఒకటుంటుంది. చూపంతా దాంట్లోనే. కుడికంట్లో అది సగం పాడయింది. ఎడమకంట్లో ఊడడానికి సిద్ధంగా ఉంది. ఇంకొక్క దెబ్బ తగిలితే చీకటే."

"హెల్మెట్టు పెడితే?" అనింది భారతమ్మ.

"అదురు అదురే కదమ్మా. వంగి పోవచ్చు గదా ఆయన?"

ఆదినారాయణ లేచి చెప్పులేసుకున్నాడు.

ఊరికొచ్చి వాకిలి ముందర మంచమేసుకుని కూచున్నాడు. లోపలికి పోలేదు. ఆ ఇంటికి ఇంకో వాకిలి లేదు.

భారతమ్మ మేస్త్రీ బెంజమిన్‌ను పిలిపించింది. బెంజమిన్ టేపు పెట్టి కొలిచినాడు.

"ఐదడుగులకు బెత్తెడు తక్కువుండాది మామా. బండ తీసి పైకెత్తుతా. ఒక్క దినం పని."

"ఎత్తొద్దు."

"ఎందుకు?"

"మా తాత పెట్టించినాడు. ఈ ఇంట్లోకి ఎవరొచ్చినా తల వంచుకోని రావల్లని. తాసిల్దారొచ్చినా వంగినాడు."

"మరి మీ తాతో?"

"ఆయప్ప నాలుగున్నర అడుగులు. వంగే పని పడలా."

బెంజమిన్ గోడవైపు తిరిగి దగ్గినాడు.

"మా నాయన ఈ వాకిట్లో వంగినాడు. నేనూ వంగినా. మా కండ్లకేం కాలా మామా. నువ్వూ ఒకసారి వంగి చూడు."

"మా వంశంలో తల వంచినోడు లేడు."

"సరే, గడప తీసి కింద తవ్వుదాం. నేల దిగితే సరిపాయె."

"గడప తొక్కితేనే తప్పు. నువ్వు తవ్వుతావా?"

"అట్లయితే నా చేత కాదు. తల వంచకుండా దీంట్లో దూరల్లంటే మీ తాత మళ్లా పుట్టల్ల."

భారతమ్మ చెంగు నడుముకు చెక్కింది.

"ఆడ పులివెందులలో నందినికి నెలలు నిండినాయి. కూతురు బిడ్డను ఎత్తుకోనొస్తే మొగం ఏ కంటితో చూస్తావయ్యా? పైబండతో చూస్తావా?"

ఆదినారాయణ అరచేత్తో కుడికన్ను మూసి ఆమెను చూసినాడు. తర్వాత ఎడమకన్ను మూసి చూసినాడు. ఆ చెయ్యి బిరీన తీసేసినాడు.

"రేప్పొద్దున రా" అన్నాడు బెంజమిన్‌తో.

"బండ ఎత్తేదానికా, గడప తవ్వేదానికా?"

"ఊరికే రా."

బండ ఎత్తుతారంట అని మాట పాకింది. తెల్లారేసరికి బెంజమిన్ గడ్డపారతో వచ్చినాడు. వీధి వీధంతా వచ్చింది.

ఆదినారాయణ మంచం దిగినాడు. తలపాగా చుట్టుకున్నాడు. వాకిలి ముందరికి పోయి, పైబండను ఒకసారి ఎగాదిగా చూసి, అందరి ముందరా రెండు మోకాళ్ల మీద కూలబడినాడు. తల నిట్టనిలువుగా పెట్టుకోని, గడప తొక్కకుండా ఒక్కో మోకాలూ ఎత్తి దాటించి, వాళ్ల తాత మాదిరే ఇంట్లోకి పోయినాడు.