మూడు రోజుల సెలవు

"చూశావా, కొత్త వీడియో గేమ్ విడుదల మళ్లీ వాయిదా!" భర్త హెడ్‌సెట్ తీసి మంచం మీదికి విసిరికొట్టాడు.

వంటగదిలోంచి భార్య గరిటెతోనే వచ్చింది. "ఎన్నాళ్లకి?"

"రెండు నెలలట! ఆ గేమ్ కంపెనీ పేజీలో అందరం దుమ్మెత్తిపోస్తున్నాం. నేనేం రాశానో విను." ఫోను తీసి ఆవేశంగా చదివాడు. "'ఆన్‌లైన్‌లో కలిసి ఆడదామని మా జట్టు నలుగురం మూడేసి రోజులు సెలవు పెట్టుకుని కూర్చున్నాం. ఎదురుచూసేవాళ్లంటే మీకంత లోకువా?' ఎలా ఉంది?"

"మీకు సెలవు ఇచ్చారా?"

"ఇవ్వక చస్తారా? గట్టిగా అడిగితే ఇస్తారు."

ఆమె గరిటె కిందికి దించింది.

"పోయిన నెల నా ఆపరేషన్‌కి ఒక్క పూట కూడా సెలవు ఇవ్వరన్నారు మీరు. కాగితాల మీద పక్కింటావిడ సంతకం పెట్టింది. నన్ను లోపలికి తీసుకెళ్తున్నప్పుడు కూడా గుమ్మం వైపే చూస్తున్నాను. అప్పుడు అడిగారా?"

అతని చేతిలో ఫోను టింగుమంది.

"ఏంటది?"

"నా కామెంటుకి లైకులు," అన్నాడు నేల చూస్తూ. "నాలుగొందలు దాటాయి."

"బాగా రాశారు మరి," అంటూ ఆమె పొయ్యి దగ్గరికి నడిచింది. "నాదీ ఒకటి వేసుకోండి."