పోల్చడానికి ఒక చెయ్యి

నవంబరు 18, మంగళవారం. నేను తయారుచేసిన యంత్రం పొద్దున్నే తప్పు చెప్పిందనుకున్నాను.

అది నా ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. చేతి నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలుస్తుంది. ఇరవై ఏళ్లుగా పత్తికి మందు కొడుతున్న ఎల్లప్ప చేతిలో అది నెమ్మదిగా పోయింది. ఊహించిందే. పోల్చడానికి చేను ముఖం చూడని మనిషి కావాలి కదా. అందుకే నందవరం పక్కనున్న ఎల్లప్ప వాళ్ల ఊరి అంగన్‌వాడీలో వంట చేసే రామక్కను కూర్చోబెట్టాను. ఆమెకూ అంతే నెమ్మది.

"మందు కొట్టేది ఆయప్ప, జబ్బు నాకా? నీ మిషన్‌కే సూది యేయించు పాపా," అని రామక్క నవ్వింది.

తీగలన్నీ విప్పి, మళ్లీ బిగించి, నా చేతికే పెట్టుకున్నాను. నాకు సరిగ్గానే ఉంది. ఆమెకూ నాకూ తేడా ఏమిటా అని చూస్తే, ఆదోని నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా పక్కనే కనిపించింది.

"నువ్వు తాగే నీళ్లు యాడివక్కా?"

"ఈడివే. కొళాయి వారానికొకసారి వస్తాది. పట్టిపెట్టుకోను ఎల్లప్పన్న రెండు మందు డ్రమ్ములు ఇచ్చినాడు. సబ్బేసి మూడుసార్లు కడిగినాంలే. నాలుగేండ్లాయె."

"గట్టి డ్రమ్ములు పాపా, సుక్క కూడా కారవు," అన్నాడు ఎల్లప్ప గర్వంగా.

పిల్లల అన్నం ఉడికేదీ ఆ నీళ్లతోనే. పరీక్షకు కొన్ని పట్టుకుని, మిగిలినవి పారబోయించాను.

రేపు తొమ్మిదింటికి ఇరవై రెండు మంది పిల్లలు వస్తారు. యంత్రం పట్టీ పెద్దవాళ్ల కొలతకు కుట్టినది. పొద్దున్నే లేచి, మూడేళ్ల పిల్ల మణికట్టుకు సరిపోయేలా దాన్ని చిన్నది చేయాలి.