తెల్వదు అనేదాక

పిల్లకు దయ్యం పట్టిందని తేల్చింది మీరే. ఇంటివాళ్లు, వాడకట్టు, బడి సారు, అందరూ. మగపిల్లాడు నోటితో లెక్క చెబితే బుర్ర, ఆడపిల్ల చెబితే గాలి. మీ తీర్పు ఆటో ఎక్కి పోతోంది, చూడండి.

త్రిపురారం నుంచి పాలకీడు దారి. వెనక సీటు మధ్యలో పదో తరగతి సంతోషి. అటు నాయనమ్మ నర్సమ్మ, ఇటు తల్లి అరుణ. డ్రైవర్ పక్కన తండ్రి జగదీశ్.

జరిగింది ఇంతే. కోదాడలో ఇంటర్ చదివే మేనత్త కొడుకు జీవన్, ఎంతకీ తేలని లెక్కను పైకి చదువుకుంటున్నాడు. బియ్యం చెరుగుతున్న సంతోషి చేట ఆపకుండానే జవాబు చెప్పేసింది. వాడు పుస్తకం వెనక చూసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"అమ్మమ్మా, గది సంతోషి గొంతు కాదే" అన్నాడు.

అంతే.

"మనింట్ల ఆడోళ్లకు లెక్కలెక్కడియి?" నర్సమ్మది దారి పొడుగునా అదే పాట. "దీని తల్లినే సూడు. వడ్ల బస్తాలు లెక్కవెట్టమంటే నాలుగు కాడ్నే తడవడతది. ఏమే, అంతేనా?"

"నాకు తెల్వదు అత్తమ్మా" అంది అరుణ. ఏదడిగినా ఆమె నోట వచ్చేది ఆ మాటే.

ఆటో కాలువ కట్ట దిగింది. రేకుల గది కనబడగానే అరుణ పళ్లు టకటక కొట్టుకున్నాయి. కుడి పిడికిలి బిగించి కొంగులో దాచుకుంది.

"నువ్వెందుకే వణుకుతవ్? పట్టింది దానికి, నీకు కాదు" జగదీశ్ నవ్వాడు.

గదిలో హన్మంతు తాత. గాలి తీయడంలో పేరు మోసినవాడు. సంతోషిని చాప మీద కూర్చోబెట్టి, అరచేతిలో కర్పూరం బిళ్ల పెట్టాడు.

"లెక్క అడుగుత. జవాబు చెప్పిందంటే దయ్యం లోపల్నే ఉన్నట్టు, ముట్టిస్త. తెల్వదు అన్నదంటే పోయినట్టు."

ఆ జవాబు తప్పో ఒప్పో ఆయనకు తెలియదు. అక్కర్లేదు కూడా.

"పదిహేడు ఇరవైమూళ్లెంత?"

చెప్పకు బిడ్డా, అనబోయింది అరుణ. ఆలోపే జవాబు వచ్చేసింది.

"మూడొందల తొంభై ఒకటి" అంది సంతోషి, ఏడుస్తూనే.

నాయనమ్మ, తండ్రి చెరో భుజం నొక్కిపట్టారు. తాత అగ్గిపుల్ల గీశాడు. అరుణ ఒక్క ఉదుటున వంగి దాన్ని ఊదేసింది.

"ఏందమ్మా, భయమైతుందా?" అన్నాడు తాత.

అరుణ పిడికిలి విప్పి, నడుమ నల్లగా కాలిన మచ్చ ఉన్న అరచేతిని ఆయన ముందుకు చాపింది: "నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు గీ చాప మీదనే నాలోంచి తీసిన దయ్యాన్ని, తాతా, ఇప్పుడే నాకు తిరిగియ్యి."