ఒకటి నొక్కండి

“నిన్న ఆసుపత్రి సర్వరు ఆగిపోతే మనలో ఒక్కరికీ ఫోన్ రాలేదు. మధ్యాహ్నమంతా రోగులు వరండాలో పడిగాపులు కాశారు. ఆ ఫోన్ ఎవరికెళ్ళిందమ్మా?” మేనేజరు నిలదీశాడు.

ఆమె తెర మీద చూపించింది. సర్వరు ఆగితే ఫోన్ చేసే ప్రోగ్రాం అది. ఫోన్ వెళ్ళాల్సిన నంబరు కోడ్ మధ్యలోనే ఉంది. రాసింది ఆమెకు పని నేర్పిన సీనియర్, ఆమె నోరారా అన్నయ్యా అని పిలిచిన మనిషి. ఆ నంబరూ ఆయనదే. ఆయన పోయి రెండు నెలలు కాలేదు.

“పోయిన మనిషి ఫోన్ ఎత్తాడా? విన్నట్టుగా ఎవరో ఒకటి అంకె కూడా నొక్కారు. అందుకే ఇంకెవరికీ రాలేదు. కోడ్ అంటే పని జరిగే పద్ధతి. నంబర్లు మనుషుల్ని బట్టి మారేవి. రెండూ ఒకచోట కుక్కితే ఇలాగే కొంప మునుగుతుంది. నంబర్లన్నీ వేరే ఫైల్లోకి తియ్యి. సాయంత్రానికి కోడ్‌లో ఒక్కటీ కనిపించకూడదు.”

ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళి ఆ నంబరుకే చేసింది. అన్నయ్య భార్య ఎత్తింది.

“వదినా, ఈ ఫోన్‌కి మా ఆఫీసు నుంచి కాల్స్ వస్తున్నాయా?”

“వస్తున్నాయమ్మా. ఆయనే చేస్తున్నారు.”

“ఎవరు వదినా?”

“సర్వరు ఆగిపోయింది, విన్నట్టయితే ఒకటి నొక్కండి అంటారు. నొక్కుతాను. నొక్కకపోతే కంగారు పడతారేమోనని.”

ఆ హెచ్చరికను ఆయన తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

“మీరు నొక్కితే ఇంకెవరికీ కాల్ రాదు, నిన్న ఆసుపత్రిలో రోగులు ఇబ్బంది పడ్డారు. ఆ నంబరు ఇవాళ తీసెయ్యాలి వదినా. రికార్డింగు మీకు పంపిస్తాను.”

“తీసెయ్యమ్మా. జబ్బుపడ్డవాళ్ళ ఉసురు మనకెందుకు? రికార్డింగు మాత్రం వద్దు. నాకు నేనే పెట్టుకుని వింటే ఏముంటుంది? ఆయనంతట ఆయన చెయ్యాలి, నేను ఎత్తాలి.”

సాయంత్రానికి నంబర్లన్నీ వేరే ఫైల్లోకి చేరాయి. ఏ సర్వరును ఎప్పుడు చూడాలో, ఆగితే ఎవరికి చెయ్యాలో వరుసగా. మేనేజరు కోడంతా గాలించాడు. ఒక్క నంబరూ దొరకలేదు.

“శభాష్. ఇక ఎవర్ని చేర్చాలన్నా కోడ్ ముట్టుకోనక్కర్లేదు కదా?”

“అక్కర్లేదు సార్,” అంది తల దించుకుని.

అతను వెళ్ళాక ఆ ఫైల్లో అన్నయ్య నంబరుతో ఇంకో వరుస చేర్చింది.

ఇప్పుడు రోజూ పొద్దుగూకే వేళకు, ఎక్కడా లేని ఒక సర్వరు ఆగిపోతుంది. వదిన ఫోన్ ఎత్తి ఒకటి నొక్కుతుంది.