రెండో గేరు

ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది. వ్యాను మాత్రం పెట్రోలు బంకు దాటి రోడ్డెక్కనని మొరాయించింది.

"ఏమైందిరా?" వెనక సీట్లోంచి అడిగింది ఒలీటా. ఎనభై దాటిన మనిషి. ఒళ్లో కేకు డబ్బా పట్టుకుని కూర్చుంది.

"గేర్‌బాక్సమ్మా. మళ్లీ పోయింది." వెర్లిన్ స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దాడు. "కొత్తది వేయించి ఏడాది కాలేదు. ఈ బండి తయారుచేసినవాడు నా చేతికి చిక్కాలి గానీ..."

"వాణ్ని తర్వాత తిడుదువుగానిలే. అక్కడ నా చెల్లి పోతోందిరా."

పొద్దున్నే ఫోనొచ్చింది. కొండకవతల ఊళ్లో చెల్లెలు ఇమొజీన్ సాయంత్రం దాకా ఉండేలా లేదట. అక్క కావాలని ఒకటే కలవరింతట. ఆమె కూతురు డార్లా ఫోన్లోనే భోరుమంది. చూస్తే దారి ఇంకా సగం కూడా కాలేదు. బండిని లాక్కెళ్లే లారీవాడు రేపటిదాకా రాలేనన్నాడు.

పక్కనే అచ్చం ఇలాంటి వ్యానే, బానెట్ ఎత్తి ఉంది. దానికి ఆనుకుని కాఫీ తాగుతున్న ఒకావిడ వీళ్ల ఇంజను అరుపు విని దగ్గరికొచ్చింది.

"మీదీ పోయిందా? మా చర్చిలో నలుగురం కొన్నాం ఈ దిక్కుమాలిన బండి. నలుగురిదీ ఇదే ఏడుపు." కిటికీలోంచి తల పెట్టి గొంతు తగ్గించింది. "కాసేపు చల్లారనివ్వు బాబూ. తర్వాత రెండో గేరులో కదులుతుంది, అంతకు మించి పోదు. కానీ దారిలో మాత్రం ఆపకు. ఆపావా, ఇక దేవుడు దిగొచ్చి తోసినా కదలదు."

ఆవిడ చెప్పినట్టే కదిలింది. నత్తనడకే, అయినా కదిలింది కదా! వెర్లిన్ నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమనేలా వేసి, టోపీ సర్దుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు.

సన్నగా వాన మొదలైంది. మెలికల దారి, దాటి వెళ్లే వీల్లేదు. వెనక బండ్లు పేరుకుపోయాయి. వానకు అన్నీ లైట్లు వేసుకుని, ఒకదాని వెనక ఒకటి, ఈ వ్యాను వెంట మెల్లగా పాకుతున్నాయి.

ఎదురుగా వస్తున్న ట్రక్కు ఒకటి పక్కకు తీసి ఆగింది. నడిపేవాడు టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. దాని వెనక కారు కూడా ఆగింది. ఆ తర్వాతదీ ఆగింది.

"వీళ్లకేమైంది?" అన్నాడు వెర్లిన్.

ఒలీటా ముందు అర్థం కాక చూసి, తర్వాత పకపకా నవ్వింది. "శవాన్ని తీసుకెళ్తున్నావనుకుంటున్నార్రా!"

పాపం, వాళ్లదేం తప్పు? కెంటకీ కొండల్లో శవయాత్ర ఎదురైతే బండి పక్కకు తీయనివాడు మనిషే కాదు. అక్కడ శవం వెంట బండ్లన్నీ లైట్లు వేసుకుని మెల్లగానే సాగుతాయి; ఈ వరసను చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఒలీటా ఎదురు బండ్లు వచ్చే ఎడమవైపు కిటికీ అద్దం దించింది. వానజల్లు మొహాన పడుతున్నా లెక్కచేయకుండా చెయ్యి ఊపింది. "నేను బాగానే ఉన్నానయ్యా! పోయింది గేర్‌బాక్సు!"

ఆగిన ప్రతి బండికీ చెయ్యి ఊపింది. ఒక ముసలాయన హడలిపోయి టోపీ జారవిడిచాడు. తల్లీకొడుకులిద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

"చూడు, ఎంత మర్యాదో! నువ్వూ ఉన్నావు, బట్టతల బయటపడుతుందని దేవుడి ముందు కూడా ఆ టోపీ తీయవు."

"ఇప్పుడు నా టోపీ మీద పడ్డావేంటమ్మా?"

"దేని మీదో ఒకదాని మీద పడాలిగా. ఊరుకుంటే ఇమొజీనే గుర్తొస్తోంది." కేకు డబ్బాను దగ్గరికి లాక్కుంది. "నా చేత్తో ఒక్క ముక్క నోట్లో పెడితే చాల్రా."

"పెడతావమ్మా. నేను తీసుకెళ్తాగా." అన్నాడే గానీ వెర్లిన్‌కే నమ్మకం లేదు. పిన్ని ఉంటుందో లేదో.

ఇంకో రెండు బండ్లు ఆగాయి. ఒలీటా చెయ్యి ఊపి, దించి, భుజం నొక్కుకుంది.

"ఊపీ ఊపీ చెయ్యంతా లాగేస్తోందిరా."

"ఆపనా? కాస్త దిగి నడుద్దువుగాని."

"ఆపితే కదలదని చెప్పిందిగా ఆవిడ! నా చెల్లి ఆగుతుందా నాకోసం? పోనియ్యి."

వెర్లిన్ పోనిచ్చాడు. ఇంజను వేడెక్కి కాలిన వాసన వేస్తోంది. వాడి కళ్లు ఇంజను వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి. దేవుడా, ఈ ఒక్క కొండా ఎక్కించు అని లోలోపలే వేడుకుంటున్నాడు.

కొండ దిగేచోట దుంగల లారీ ఆగింది. డ్రైవరు కిందికి దిగి, వానలో తడుస్తూ టోపీ తీసి నిలబడ్డాడు. ఒలీటా చెయ్యి ఊపలేదు. వెర్లిన్ అద్దంలో చూశాడు. కిటికీకి తల ఆనించి ఉంది. నవ్వీ నవ్వీ అలసిపోయి నిద్రపోయిందనుకున్నాడు. అమ్మ తరఫున తనే తల బయట పెట్టి కేకేశాడు.

"ఎవరూ పోలేదండీ! గేర్‌బాక్సే పోయింది!"

డ్రైవరు టోపీ పెట్టుకోలేదు.

వ్యాను ఈడ్చుకుంటూ వెళ్లి పిన్ని ఇంటి ముందు ఆగింది. ఆగీ ఆగగానే ఇంజను కూడా చచ్చిపోయింది. వసారాలోంచి డార్లా ఏడుస్తూ, నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మ కళ్లు తెరిచింది అన్నయ్యా! లేచి కూర్చుంది! అది అక్క బండి చప్పుడేనంటోంది, తలుపు తీయమంటోంది!"

వెర్లిన్‌కు పట్టరానంత సంతోషమేసింది. ఒక్క గెంతులో దిగి పక్క తలుపు లాగాడు. "లేమ్మా! వచ్చేశాం! పిన్ని ఉంది!" అంటూ కేకు డబ్బా మీదున్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా ఏం చేస్తున్నావు? తొందరగా తీసుకురా!" గుమ్మంలోంచి అరిచింది డార్లా.

వెర్లిన్ వానలో నిలబడి, మెల్లగా టోపీ తీశాడు.