రెండో బాత్రూము

“ఒక్క మనిషికి రెండు బాత్రూములెందుకు మాస్టారూ? పొద్దున ఒకదాంట్లో, సాయంత్రం ఒకదాంట్లోనా?” గోడకి టేపు పట్టి కొలుస్తూ వడ్రంగి అడిగాడు.

ప్లాన్ల మాస్టారు నవ్వలేదు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ముప్పయ్యేళ్ళు ఇళ్ళకి ప్లాన్లు గీశాడు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఈ ఇంటి ప్లాను కూడా ఆయన గీసుకున్నదే.

“కమోడు తీసేసి, కుళాయికి బిరడా కొట్టేస్తే నాలుగు అరలు పడతాయి. ఇంతకీ ఏం సామాను పెడతారు?”

మాస్టారు హాల్లోకి చూశాడు. రెండు కుర్చీలు, ఒక బల్ల తప్ప అక్కడేమీ లేవు. “ఉంటాయిలే, ఏవో ఒకటి.”

“నాకైతే ఏవీ కనబడట్లేదు. ఆలూ లేదు, చూలూ లేదు అన్నట్టుంది మీ వ్యవహారం!”

అనేసి నాలిక్కరుచుకున్నాడు వడ్రంగి. అద్దం కింద పలక మీద రెండు జడపిన్నులు, ఒక ఆడవాళ్ళ దువ్వెన కనిపించాయి.

“అమ్మగారివా?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఊఁ.”

మాట మార్చడానికి వడ్రంగి కుళాయి తిప్పాడు. నీళ్ళు తేటగా దూకాయి. “వాడని కుళాయైతే ముందు తుప్పు నీళ్ళు కక్కాలి. మీరు రోజూ తిప్పుతున్నారన్నమాట. మా నాన్న పోయాక మా అమ్మా అంతేనండీ. రెండేళ్ళపాటు ఆయన చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టేది.”

మాస్టారు చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు.

“ఎన్నాళ్ళ నుంచండీ ఇలా ఒంటరిగా?”

“ఆరేళ్ళు.”

“ప్చ్. మన చేతుల్లో ఏముంది లెండి!”

“నా చేతుల్లోనే ఉండేది. ఈ గది గీసింది నేనేగా,” అన్నాడు మాస్టారు. వడ్రంగికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దవాళ్ళ బాధ అనుకుని టేపు చుట్టేసుకున్నాడు.

పాత అద్దింట్లో ఒకటే బాత్రూము ఉండేది. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ తొమ్మిదింటికే ఆఫీసులు. రోజూ పొద్దున్నే కురుక్షేత్రం. ముందు ఆయనే దూరేవాడు. కాసేపటికి తలుపు మీద రెండు దెబ్బలు పడేవి.

“ఇంకా ఎంతసేపు?”

“ఇప్పుడేగా వచ్చాను!”

“ఇప్పుడే వస్తే ఆ పాట మూడోసారి ఎందుకు పాడుతున్నారు?”

కావాలనే ఆయన మళ్ళీ గడ్డానికి సబ్బు రాసుకునేవాడు. బయట ఆవిడ తిట్టీ తిట్టీ చివరికి నవ్వేసేది. సొంతిల్లు కట్టుకునేటప్పుడు ఆ గొడవ వదిలించాలని పెద్ద తెలివైనవాడిలా రెండో బాత్రూము గీశాడు. గొడవ నిజంగానే పోయింది. దాని వెంట పొద్దుటి నవ్వూ పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఇల్లే మూగబోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. తన గొంతు తనే మరిచిపోతానేమోనని ఒక్కోసారి ఆయన పేపరు పైకి చదువుకుంటాడు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే పిచ్చెక్కుతుందని భయం. ఆ గది తీసేస్తే ఉన్న ఆ కాస్తా పోతుందేమోనని అంతకన్నా భయం. అందుకే ఇదివరకు రెండుసార్లు వడ్రంగిని రమ్మని, రెండుసార్లూ వద్దన్నాడు.

ఆ మధ్యాహ్నం పాత ప్లాను పెన్సిలు నకలు బయటికి తీసి బల్లమీద పరిచాడు. రబ్బరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత రెండో బాత్రూము గీతలు నాలుగూ చెరిపేసి, వడ్రంగికి ఫోను చేశాడు.

“రేపు రా. పది దాటాక వచ్చి, ఐదు లోపల వెళ్ళిపోవాలి. ఒక్కరోజులో అయిపోవాలి.”

“ఏం మాస్టారూ, మళ్ళీ మనసు మారుతుందనా?”

“అదీ ఉంది.”

మర్నాడు కమోడు బయటికొచ్చింది. కుళాయికి బిరడా పడింది. అరలు బిగించేముందు వడ్రంగి పిన్నులూ దువ్వెనా అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. “వీటినేం చెయ్యమంటారు?”

మాస్టారు మూసి ఉన్న పడగ్గది వైపు చూపించాడు. “ఆ గుమ్మం పక్కన స్టూలుంది, దానిమీద పెట్టు. తలుపు మాత్రం తియ్యకు.”

వడ్రంగి వాటిని జాగ్రత్తగా పెట్టి వచ్చాడు. వెళ్ళేటప్పుడు, ఎన్నడూ లేనిది, మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. “ధైర్యంగా ఉండండి. మంచి పనే చేశారు.”

“చూద్దాం,” అన్నాడు మాస్టారు.

ఐదున్నర కావస్తోంది. మిగిలిన ఒక్క బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. పొద్దునే గీసుకున్న గడ్డానికి మళ్ళీ సబ్బు నురగ పట్టించాడు. కత్తి ముట్టుకోలేదు. కుళాయి కట్టేసి, బక్కెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. నురగ బుగ్గల మీదే ఆరిపోతోంది. తప్పు చేశానా అనిపించింది. ఇక చెరపడానికి గీతలేవీ మిగల్లేదు. గొంతు సవరించుకుని ఆ పాత పాట పల్లవి అందుకున్నాడు. ఒకసారి పాడాడు. రెండోసారి పాడాడు. మూడోసారి ఎత్తుకునేసరికి తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆరేళ్ళుగా అదే ఇంట్లో ఉంటూ ఒక్క మాటైనా మాట్లాడని భార్య, ఆఫీసు నుంచి వస్తూనే, “ఇంకా ఎంతసేపు?” అంది.